ఎవరూ పెట్టని ఫైళ్ళు

భయపడటంలో పావనికున్న ఓపిక మరే పనిలోనూ లేదు. గ్యాసు కట్టేశానో లేదోనని అనుమానం వస్తే బస్సు సగం దారిలో ఉన్నా దిగిపోయి ఇంటికి తిరిగొచ్చే మనిషి. తాళం వేసి లాగి చూస్తుంది, వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి లాగుతుంది. అనకాపల్లి గవరపాలెంలో ఆ వీధి వాళ్ళంతా ఆమెను చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళే. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది.

కానీ ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. పావనిది పూడిమడక, సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు తండ్రి తెల్లవారుజామున వేటకెళ్ళాడు. వేటకు బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే అచ్చిరాదని సముద్రం మీద బతికే ప్రతి ఇంట్లోనూ నమ్మకం. అందుకే ఆ రోజు కూడా ఎవరూ అడగలేదు. మర్నాడు ఊరి పడవలన్నీ వెతకడానికి ఉత్తరంగా వెళ్ళాయి. ఆయన పడవ చెక్కలు ఎన్నాళ్ళకో దక్షిణాన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఒక్కరికి తెలిసున్నా మనిషి దక్కేవాడేమోనని తల్లి ఏడుస్తుంటే విన్న పిల్ల ఆమె. ఆనాటి నుంచి తనకు తెలియనిది ఏది ఎదురైనా గుండె గుభేలుమంటుంది.

అంత జరిగాక కూడా ఆమెకు పెళ్ళయింది చేపలు పట్టేవాడితోనే. చిన్నబాబు మంచివాడు, మాట తక్కువ. ఫైబర్ బోటు ఒకటి, దాని మీద అతనితోపాటు ఇద్దరు మనుషులు. డిగ్రీ చదివిన పావని అనకాపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకుని, ముందుగదిలో కంప్యూటరూ ప్రింటరూ పెట్టుకుని టైపింగ్ చేసేది. పెళ్ళికార్డుల మేటరు, ఉద్యోగాల దరఖాస్తులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు. చిన్నబాబు వేట రోజుల్లో పూడిమడకలో ఉండి, తక్కిన రోజుల్లో బైకు మీద ఇక్కడికి వచ్చేవాడు.

ఇంట్లో భయాలన్నీ ఒకెత్తు, ఆ కంప్యూటర్ భయం ఒకెత్తు. ఎవరైనా పెన్‌డ్రైవు తెచ్చి ఇస్తే, అమ్మవారు పోసిన ఇంటి నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు చూసేది. వైరస్ పరీక్ష కానిదే లోపలికి రానివ్వదు. ఒకసారి ఎవరో కుర్రాడి పెన్‌డ్రైవు వల్ల ఫోల్డర్లన్నీ ఉత్త షార్ట్‌కట్లయి కూర్చున్నాయి. అచ్చుకు వెళ్ళాల్సిన పెళ్ళికార్డు గల్లంతయి, పెళ్ళికూతురి తండ్రి వీధిలో నిలబడి నానా మాటలూ అన్నాడు. అప్పట్నుంచి పొద్దున్నే పని మొదలెట్టే ముందు కొత్తగా చేరిన ఫైళ్ళను తేదీల వరసలో పెట్టి చూసుకునేది. తెలిసిన దాన్ని దాని యజమాని పేరున్న ఫోల్డర్లోకి పంపేది. తెలియనిదైతే రెండుసార్లు నొక్కి తెరిచేది కాదు. అది ఏ రకందో, ఎంతుందో, ఏ వేళకు వచ్చిందో కుడివైపు బటన్ నొక్కి చూసేది. కంప్యూటర్ నడవడానికి కావలసిన సొంత ఫైళ్ళ జోలికి పోయేది కాదు. ఎవరిదో కనుక్కుని, ఎవరిదీ కాదని తేలాకే తీసేసేది.

తీసేసినవి చేరే చెత్తబుట్టను ఉదయమే ఖాళీ చేసేది. దీపం పెట్టాక మాత్రం ముట్టుకునేది కాదు. సందేళ దాటాక ఇంట్లో ఊడ్చిన చెత్త గుమ్మం దాటితే లక్ష్మి వెళ్ళిపోతుందని తల్లి నేర్పిన పాఠం. కంప్యూటర్లో చెత్తకు కూడా ఈ నియమం ఏమిటని చిన్నబాబు పగలబడి నవ్వాడోసారి.

"సగం కూడు దానిమీంచే వత్తంది మనకి. దానికి లచ్చిమి ఉండదేటి?" అంది పావని.

ఇలా ఉండగా ఆ కార్తీకంలో ఎదురింటి దేవీప్రసాద్ ఫోనుకు ఎవరిదో పెళ్ళి శుభలేఖ వచ్చింది. పాపం, పెళ్ళంటే సంబరపడే మనిషి, నొక్కాడు. అది శుభలేఖ కాదు. ఫోను కాస్తా ఎవడి చేతుల్లోకో పోయి, ఆయన పేరుమీద ఊళ్ళోవాళ్ళందరికీ పిచ్చి మెసేజీలు వెళ్ళాయి. ఆయన భార్య వీధంతా వినబడేలా శాపనార్థాలు పెట్టింది. అదంతా విన్న పావనికి అన్నం సయించలేదు. ఆ సాయంత్రమే కూర్చుని కంప్యూటర్ మూలమూలలా వెతకడం మొదలుపెట్టింది.

వెతికితే దొరకనే దొరికింది. పాత పెళ్ళికార్డుల ఫోల్డర్ లోపల, రోజూ చూసుకోని చోట, పేరు పెట్టని కొత్త ఫోల్డర్ ఒకటి ఉంది. దాని నిండా తెల్ల కాగితం బొమ్మతో ఫైళ్ళు. పేర్లు లేవు, అన్నీ అంకెలే. చివర జి.పి.ఎక్స్. అని మూడక్షరాలు. ఇన్నేళ్ళలో ఎన్నో రకాల ఫైళ్ళు చూసింది గానీ ఇలాంటివి ఎన్నడూ చూడలేదు. ఎప్పుడొచ్చాయా అని చూస్తే ఆదివారం మధ్యాహ్నం. ఆ వేళ తను సంతలో ఉంది. ఇంట్లో చిన్నబాబు ఒక్కడే నిద్రపోతున్నాడు. మనిషి నిద్రపోతుండగా వచ్చి పక్కన కూర్చుని వెళ్ళారెవరో అనిపించింది.

చిన్నబాబు లోపల అన్నం తింటున్నాడు.

"ఆదివారం కంప్యూటర్ ముట్టుకున్నావేటి?"

"నాకేటి తెలుసు దాని సంగతి?" అన్నాడు తల ఎత్తకుండా. "మౌసట్టుకుంటే సెయ్యొణుకుతాది నాకు."

ఇంకో రోజయితే ఆమె తన పద్ధతి ప్రకారం పోయేది. ఆ రకం ఫైళ్ళు దేనివో వెతికి చూసేది, తెలిసిన వాళ్ళెవరినైనా అడిగేది. ఆ సాయంత్రం భయం తెలివిని తొక్కేసింది. తెరిచి చూడటానికి కూడా చెయ్యి రాలేదు. ఫోల్డర్‌కి ఫోల్డరు తీసేసింది. అప్పటికే దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది. చెత్తబుట్టను రేపు చూద్దామని కంప్యూటర్ కట్టేసింది.

మర్నాడు తెల్లవారకముందే చిన్నబాబు బయల్దేరాడు. "రేపు సందేళకి వత్తాను," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. ఎక్కడికని నాలుక చివరిదాకా వచ్చిన మాటను పావని ఎప్పటిలాగే మింగేసింది. బైకు చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా గుమ్మంలోనే నిలబడింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఎవరూ అనుకోని గాలి. వాన కూడా తోడై, వీధిలో కొమ్మలు విరిగి తీగల మీద పడి కరెంటు పోయింది. చిన్నబాబుకు ఫోను కలవలేదు. సముద్రం మీద ఎటూ కలవదులే అని తనకు తనే చెప్పుకుంది. రెండో రోజు సాయంత్రం అయింది. వస్తానన్న మనిషి రాలేదు. ఆ పైన గడిచిన వేళలను గురించి చెప్పడానికేం లేదు, ఆమె ఒక్క చోట కూర్చోలేదంతే.

పొద్దున్నే సత్తియ్య ఫోను చేశాడు. ఆయన చిన్నబాబుకు చిన్నాన్న, ఆ బోటు మీద పాత కాపు. జ్వరం వల్ల ఈసారి వేటకు తన బదులు ఇంకొకర్ని పంపాడు.

"అమ్మా పావనీ, మనోడి బోటింకా రానేదమ్మా. మిగతావన్నీ గాలి సూసి తిరిగొచ్చీసినాయి. ఎతకడానికి ఎల్తాం గానీ, ఏ పక్కకని ఎల్తాం? ఆపీసర్లూ అదే అడుగుతన్నారు. నీతో ఏవైనా సెప్పేడా?"

"నాతో ఎప్పుడు సెప్పేడు మావయ్యా!" అంది పావని. తండ్రి పోయిన నాడు తల్లి అన్నది కూడా ఈ మాటే.

"ఆడి రాళ్ళన్నీ ఆ జీపీయస్ డబ్బాలోనే ఉంటాయి. డబ్బా ఆడి కాడే ఉంది," అన్నాడు సత్తియ్య.

రాళ్ళంటే సముద్రం అడుగున ఉండే రాతిగుట్టలు. చేపలు అక్కడే గుమిగూడతాయి. ఎక్కడుందో కనిపెట్టిన మనిషి ఆ జాగాను డబ్బాలో గుర్తు పెట్టుకుంటాడు. ప్రాణం పోయినా మరొకరికి చెప్పడు.

"పోనీ ఆ కాపీ అయినా..." అంటూ ఆగాడు సత్తియ్య. "నీకు తెల్దేటి? డబ్బా పాతదైపోనాదని హార్బర్ కాడ సాపులో కాపీ తీయించేడు. ఇంటికాడ దాసేను సిన్నాన్నా అన్నాడు. ఎక్కడరా అంటే నవ్వీసేడు."

"దేన్లో తీయించేడు?"

"పెన్‌డ్రైవులోనమ్మా. అది సాపోడిది, తిరిగిచ్చీసేడు. ఆ సాపోడు ఎవులి కాపీ ఉంచుకోడు. ఉంచుకుంటే మనోళ్ళు ఆడి గుమ్మం తొక్కరు."

పావని కంప్యూటర్ వైపు తిరిగింది. ఆదివారం మధ్యాహ్నం. తెల్ల కాగితం బొమ్మలు. తల ఎత్తకుండా అన్నం తిన్న మొగుడు.

ఎందుకు దాచాడో కూడా ఆ క్షణంలోనే తెలిసింది. ఆమె అన్న కొండబాబుది కూడా పూడిమడకే, అతనికీ బోటుంది. నిరుడు అతను చిన్నబాబు వెనకాలే దూరంగా వెళ్ళి, రాయి జాడ పట్టి, మర్నాడు అక్కడ వల వేశాడు. ఆనాటి నుంచి బావకూ బావమరిదికీ మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు సముద్రాన్ని చూస్తారు, ఒకరు ఇసుకను చూస్తారు. పెళ్ళానికి చెబితే అన్నకు చేరుతుందని చిన్నబాబు భయం. ఆ ఇంట్లో భయం పావని ఒక్కదాని సొత్తే అనుకున్నాం, మొగుడు కూడా తక్కువ తిన్లేదు.

ఆమె కంప్యూటర్ మీట నొక్కింది. కరెంటు తెల్లవారుజామునే వచ్చింది, అదొక్కటే ఆ రోజు కలిసొచ్చింది. తెర వెలిగేలోగా పావని ప్రాణం సగం పోయింది. చెత్తబుట్ట ఖాళీ చేశానా? ప్రతి ఉదయం ఆ పని చెయ్యే చేసేస్తుంది, బుద్ధికి తెలియను కూడా తెలియదు. చిన్నబాబు వెళ్ళిన ఉదయం కంప్యూటర్ తెరిచానా? తెరిచినట్టే ఉంది. తెరవనట్టూ ఉంది. ఆ తర్వాత కరెంటు పోయింది. అంతకు ముందో? ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. "నాన్నా, నాన్నా," అని ఎప్పుడో పోయిన తండ్రిని పిలుస్తూ కూర్చుంది.

తెర వెలిగింది. మూలనున్న బుట్ట బొమ్మలో కాగితాలున్నాయి. మనిషి వేటకెళ్ళిన పూట ఊడవకూడదన్న నియమాన్ని బుద్ధి మరిచినా చెయ్యి మరవలేదు.

పావని ఒక్కసారిగా ఏడ్చేసింది. ఏడుస్తూనే ఫోల్డర్ను దాని చోటికి తిరిగి పంపింది. ఈసారి కూడా రెండుసార్లు నొక్కలేదు, అలవాటు ఎక్కడికి పోతుంది! నోట్‌ప్యాడ్‌తో తెరిచింది. ఏవో గుర్తులూ, వాటి మధ్య అంకెలూ. పదిహేడుతో మొదలయ్యేది ఒకటి, ఎనభై మూడుతో మొదలయ్యేది ఒకటి, పక్కన ఆ జాగాను గుర్తుపెట్టుకున్న తేదీ. ఒక్కో ఫైలూ ఒక్కో రాయి. ఎన్నో ఏళ్ళ వేట అంతా అక్కడే ఉంది. వైరస్ అనుకుని చెత్తలో పారేసింది దాన్నే.

ఇన్ని రాళ్ళలో ఏ రాతికి వెళ్ళుంటాడు? తేదీలు చూసింది. అన్నిటికన్నా కొత్తది కిందటి వేటది. ఆ వేట నుంచి వచ్చిన రోజు చిన్నబాబు ఎప్పుడూ లేనిది కూనిరాగం తీశాడు. కోనెం చేపలు మోయలేకపోయామని చెప్పాడు. అంత చేప పడిన చోటికి మళ్ళీ వెళ్ళక ఎక్కడికి పోతాడు? వెళ్ళకపోతే మాత్రం... ఆ పైన ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తండ్రి కోసం ఉత్తరంగా వెళ్ళిన పడవలు కళ్ళముందు కదిలాయి.

ఆ దూరానికి, ఆ కెరటాల్లో వెళ్ళగల ఇంజను ఊళ్ళో కొండబాబు బోటుకే ఉంది. ఫోను చేతిలో పెట్టుకుని పావని ఒక్క నిమిషం ఆగింది. చెబితే మొగుడు ఈ జన్మలో నమ్మడు. నమ్మకపోతే పోనీ, తిట్టనీ, కొట్టనీ. తిట్టడానికైనా మనిషంటూ రావాలి కదా అనుకుంది.

"అన్నయ్యా, రాసుకో," అంది అతను పలకగానే.

అంకెలు వినగానే అవేమిటో కొండబాబుకు అర్థమైంది.

"సెల్లీ, ఇది బావ రాయి. తెలిసే సెప్తన్నావా నాకు?"

"తెలిసే. మల్లీ సదువు, ఎక్కడైనా తప్పు రాసుకున్నావేమో." అతను చదివాడు. మళ్ళీ చదవమంది. ఒక్క అంకె తప్పితే సముద్రం మీద మైళ్ళు తేడా వస్తుంది. తక్కిన రాళ్ళ గురించి ఆమె ఎత్తలేదు, అతనూ అడగలేదు.

"ఇంజినాగిపోతే నీరు కాకినాడ పక్కకి లాగేత్తాది," అన్నాడు కొండబాబు. "రాయి కాణ్ణుంచి అటే పోతాను. నువ్వు ఏడవకు."

పావని తాళం వేసి, ఒక్కసారి కూడా లాగి చూడకుండా బస్సెక్కింది. అది మాత్రం గవరపాలెంలో ఎవరూ నమ్మరు.

పూడిమడక ఒడ్డున ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. చిన్నబాబుతో వెళ్ళిన ఇద్దరి ఇళ్ళ వాళ్ళు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. గట్టిగా ఏడిస్తే పోయారని ఒప్పుకున్నట్టవుతుంది. పావని వాళ్ళ పక్కన ఇసుకలో చతికిలబడింది. ఆమె మనసులో ఒకటే తిరుగుతోంది. ఆ రాయి కాకపోతే? తను చూపించిన వైపు తప్పయితే, ఉన్న ఒక్క మంచి బోటునూ తప్పు దారిన పంపింది తనే. తండ్రి విషయంలో ఎవరికీ తెలియక మనిషి పోయాడు. ఇప్పుడు తెలుసని చెప్పి మనిషిని చంపినట్టవుతుంది. ఆ రోజు సాయంత్రం దాకా అలాగే ఉంది. సత్తియ్య టీ తెచ్చి ఇస్తే చేతిలో పట్టుకుంది గానీ తాగలేదు.

మర్నాడు ఎండెక్కాక దూరంగా ఒక బోటు కనిపించింది. దాని వెనక తాడు. తాడు చివర ఇంకో బోటు, అందులో ముగ్గురు మనుషులు.

ఇంజను నీళ్ళు తాగి ఆగిపోయిందట. రాతి దగ్గరకు చేరాకే గాలి పట్టుకుందట. కొండబాబు ఆ అంకెల చోటికి వెళ్ళి, అక్కడ ఏమీ లేక, నీటి వాలున దక్షిణంగా పోయి పట్టుకున్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే వాలు ఎక్కడికి లాక్కుపోయేదో. చిన్నబాబు పెదాలు ఉప్పుకు పగిలిపోయాయి, కాళ్ళు నిలవడం లేదు. పావని పరుగెత్తి రెండు చేతులా పట్టుకుంది. ఒళ్ళు వేడిగా ఉంది. బతికున్న మనిషి వేడి. ఆమెకు అది చాలు.

అతను ఆమె భుజం మీంచి కొండబాబు వంక చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"బావకి ఎవులు సెప్పేరు?"

"నేనే."

అతను చూపు ఇసుక మీదికి దించుకున్నాడు. తిడితే బాగుండునని పావనికి అనిపించింది. సముద్రం తిరిగిచ్చిన మనిషి ఇంట్లో తనకు దక్కకుండా పోతాడేమోనని కొత్త భయం పట్టుకుంది. అనకాపల్లి వచ్చాక కూడా అతను అన్నం తినడం, పడుకోవడం, ఇంజను బాగుచేయించడానికి వెళ్ళి రావడం తప్ప మాట్లాడలేదు. ఫైళ్ళను చెత్తలో పారేసి మళ్ళీ తీసిన సంగతి పావని ఒక రాత్రి చెప్పేసింది. కొండబాబు పేరు ఇంట్లో రాలేదు. కంప్యూటర్ వైపు అతను చూసినప్పుడల్లా పావని చూపు తిప్పుకునేది. ఆమె కూడా ఆ ఫోల్డర్ను మళ్ళీ తెరవలేదు.

ఇంజను బాగైంది. వేటకెళ్ళే రోజు వచ్చింది. చీకటి విడుతుండగా చిన్నబాబు చెప్పులు వేసుకున్నాడు. పావని గుమ్మంలో నిలబడింది, పెదవులు బిగించుకుని. అతను బైకు దాకా వెళ్ళాడు. తాళం చెవి తిప్పబోయి ఆగి, వెనక్కి వచ్చాడు. బయల్దేరిన మనిషి వెనక్కి రాకూడదు.

"ఏటి మరిసిపోయేవు?"

"కంప్యూటర్ తెరువు."

తెరిచింది. ఆ ఫోల్డర్ తీయమన్నాడు. తెర మీద ఫైళ్ళు వరసగా నిలబడ్డాయి. చిన్నబాబు వంగి, ఉప్పుకు బిరుసెక్కిన వేలితో పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒకదాని మీద ఆపాడు.

"ఇయ్యాల దీని కాడికి."

పావని చెవులు మూసుకోబోయి మానేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ తన ముందు అనని మాట అది. వినకుండా ఉంటే బాగుండునని ఒక పక్క, ఇంకోసారి చెప్పమని అడగాలని ఒక పక్క.

"మల్లీ సెరిపీకు," అన్నాడు అతను, వెళ్ళిపోతూ.

బైకు చప్పుడు దూరమయ్యాక పావని ఇల్లు ఊడవలేదు. చెత్తబుట్టా ఖాళీ చేయలేదు. ఆ ఫోల్డర్ను ఒక కొత్త పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక పెట్టింది. తిరిగొచ్చి అతను వేలు ఆపిన ఫైలును చూస్తూ కూర్చుంది. ఎండెక్కుతుండగా ఫోను మోగింది. కొండబాబు.

"బావ ఏటకెల్లేడట గదా సెల్లీ. ఇంజిను బాగుందా?"

"బాగుందన్నయ్యా."

"ఏ పక్కకెల్లేడో?" మామూలుగానే అడిగాడు. మొగుణ్ణి బతికించి తెచ్చిన అన్న.

పావని తెర వైపు చూసింది. ఆ ఫైలు అక్కడే ఉంది.

"నాకేటి తెలుసన్నయ్యా," అంది. "నాకెప్పుడు సెప్పేడు?"

కొండబాబు నవ్వి పెట్టేశాడు. పావని ఫోను బల్లమీద పెట్టింది. లేచి వీధి తలుపు గడియ వేసి లాగి చూసింది, తిరిగొచ్చి మళ్ళీ లాగింది.